రెండు మహేంద్రతనయల మధ్య 94 కిలోమీటర్లు

ఆంధ్ర–ఒడిశా సరిహద్దు దగ్గరి మహేంద్రగిరి కొండకు ఇద్దరు కూతుళ్లు, ఇద్దరూ ఏర్లే. ఇద్దరి పేరూ మహేంద్రతనయే. ఒకామె తూర్పుకు దిగి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండో ఆమె పడమటి వైపు నుంచి దిగి, పర్లాకిమిడి, పాతపట్నాలను ఒరుసుకుంటూ పోయి వంశధారలో కలుస్తుంది. చిన్నప్పుడు నాకిది తెలియదు. బారువ ఏరే చుట్టూ తిరిగి పాతపట్నం వస్తోందనుకునేవాణ్ణి. మ్యాపు పరిచి కూర్చున్నాక ఇవి రెండు వేర్వేరు ఏర్లని తెలిసింది. ఒక కూతురి దగ్గర బయల్దేరి, తండ్రి ఇంటి మీదుగా, రెండో కూతురి దగ్గరికి చేరితే బాగుంటుందన్న ఆలోచన అప్పటిదే. అది అమల్లోకి రావడానికి ఏడేళ్లు పట్టింది.

మాది పలాస దగ్గర పల్లె. కొండ నడకలకు దారులు వేసి ఇవ్వడం పదకొండేళ్లుగా నా పని. ఈ కేసులో అడిగినవాళ్లు శ్రీకాకుళం నుంచి వచ్చిన ఆరుగురు. ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, ఒక ఫార్మసిస్టు, వాళ్ల స్నేహితులు ఇద్దరు, యాభై ఎనిమిదేళ్ల రిటైర్డ్ హెడ్‌మాస్టారు ఒకరు. వాళ్లతో మాట్లాడింది సెప్టెంబరులో.

మొదట వాళ్లు అడిగింది ఇది కాదు. శృంగవరపుకోట నుంచి అరకు దాకా కొత్తవలస–కిరండోల్ రైలు మార్గం వెంట నడవాలన్నారు. వీడియోల్లో చూశారట. ఆ మాట అక్కడే తుంచేశాను. శివలింగపురం, త్యాడ స్టేషన్లు దాటితే వరసగా సొరంగాలు, పగలూ రాత్రీ గూడ్సు బండ్లు. పట్టాల మీద నడవడం నేరమన్నది ఒకటి, సొరంగం మధ్యలో బండి ఎదురైతే ఏం చేస్తారన్నది ఇంకొకటి. రెండోదానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

అప్పుడు బయటికి తీశాను నా పాత ఆలోచన. సముద్రం ఒడ్డు నుంచి 1,501 మీటర్ల శిఖరం దాకా, అక్కణ్నుంచి అవతలికి. అందరి కళ్లూ మెరిశాయి. "అయితే వంశధార కూడా దాటేసి సీతంపేట దాకా పోదామండీ" అన్నాడు బ్యాంకు కుర్రాళ్లలో ఒకడు. మ్యాపు మీద అదేమంత దూరం కాదు. కానీ ఒడిశా లఖారి అడవుల నుంచి దిగిన ఏనుగులు ఏళ్లుగా కొత్తూరు, సీతంపేట, కురుపాం వైపు పొలాల్లో తిరుగుతున్నాయి. ఈ వారం ఎక్కడున్నాయో వచ్చే వారం అక్కడ ఉండవు. నెలల ముందు గీసే దారిలో వాటికి చోటు చూపించడం నా వల్ల కాదు. దారిని పాతపట్నంతో ఆపేశాను. నాలుగేళ్ల క్రితం అయితే "చూద్దాంలెండి" అని ఊరుకునేవాణ్ణేమో.

నెల ఎంచుకోవడం

మా వైపు ఎవరైనా అక్టోబరులో కొండ ఎక్కుదామంటే నాకు తిత్లీ తుఫాను గుర్తొస్తుంది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మా తీరం వెంటున్న తోటల సీమ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. అంతకు నాలుగేళ్ల ముందు హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరు 12నే. నవంబరు, డిసెంబరు మొదటివారం దాకా ఆ టెన్షన్ పూర్తిగా పోదు.

మార్చి దాటితే ఇంకో రకం. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పోడు కోసం కొట్టి ఆరబెట్టిన తుప్పలకు నిప్పు పెట్టే కాలమది. ఉద్దానంలో జీడిపళ్లు పండుతాయి, వాటి కోసం ఎలుగులు తోటల్లోకి దిగుతాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడి జరిగాక ఆ వైపు ఊళ్లలో తెల్లారకుండా తోటకు వెళ్లే అలవాటే తగ్గింది.

మిగిలింది జనవరి. సంక్రాంతికి ముందు ఊళ్లలో ఎవరూ ఖాళీగా ఉండరు, తోవ చూపించడానికి మనిషి దొరకడు. కనుమ వెళ్లాక మూడో వారం అన్నాను. అప్పటికి మా దగ్గర సూర్యాస్తమయం 5:40 ప్రాంతంలో. డిసెంబరు మొదట్లో అయితే ఐదుంపావుకే చీకటి కమ్ముకొస్తుంది. ఆ ఇరవై ఐదు నిమిషాలు కొండ మీద చిన్న విషయం కాదు.

కాగితం మీద దారి

సర్వే ఆఫ్ ఇండియా షీట్లు 1:50,000 స్కేలువి తీసుకున్నాను. పాత నంబరింగ్‌లో 74 బి/5 అనే ఒక్క షీటులోనే మందసా, మహేంద్రగిరీ రెండూ పడతాయి. అది అదృష్టం. షీటు అంచుల్లో పడిన కొండను చదవడం చిరిగిన నోటును అతికించినట్టే. ఒక సెంటీమీటరుకు అర కిలోమీటరు. కాంటూరు గీతల మధ్య ఎత్తు 20 మీటర్లు.

ఈ 20 మీటర్ల దగ్గరే కొత్తవాళ్లు మోసపోతారు. రెండు గీతల మధ్య 15 మీటర్ల రాతిగోడ ఉన్నా మ్యాపులో కనబడదు. గీతలు చక్కగా ఎడంఎడంగా ఉంటాయి, దారి సాఫీగా పోతున్నట్టే ఉంటుంది. ఫోనులో ఉపగ్రహ చిత్రం చూసినా అంతే, పైన చెట్ల పచ్చదనం తప్ప కింద బండ కనబడదు. అందుకే మొదటి గీత పెన్సిలుతోనే గీస్తాను. నడిచి వచ్చాకే పెన్ను.

టైముకు నా లెక్క పాతదే. నైస్మిత్ అనే స్కాట్లండు ఆయన 1892లో చెప్పిన సూత్రం. గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. నిటారుగా దిగే చోట 300 మీటర్లకు పది నిమిషాలు కలపాలని తర్వాతివాళ్లు సవరించారు. కానీ ఆయన నడిచింది చల్లని దేశంలో. మన చెమట ఆయనకు తెలియదు. మా మూడో రోజునే తీసుకోండి. 12 కిలోమీటర్లు, 1,000 మీటర్ల ఎక్కుడు. సూత్రం ప్రకారం 2 గంటల 24 నిమిషాలు, పైన 1 గంట 40 నిమిషాలు, మొత్తం 4 గంటల 4 నిమిషాలు. డిసెంబరులో నేను పదకొండు కేజీల సంచి తగిలించుకుని నడిస్తే 7 గంటల 10 నిమిషాలు పట్టింది. అంటే ఒకటిముప్పావు రెట్లు. మిగతా రోజులన్నిటికీ సూత్రం చెప్పినదాన్ని 1.75తో గుణించే పెట్టాను. ఫోను యాప్ అయితే అదే దూరానికి మూడున్నర గంటలంది. దాని మాట విని బయల్దేరితే రాత్రి ఎక్కడ పడుకునేవాళ్లమో.

చివరికి కాగితం మీద ఇలా తేలింది. మొదటి రోజు బారువ నుంచి మందస 20 కిలోమీటర్లు. రెండో రోజు కొండ భుజం మీది సవర గిరిజనుల గూడెం దాకా 13. మూడో రోజు శిఖరం, 12. నాలుగో రోజు నైరుతి వైపు గట్టు మీదుగా 17, ఐదో రోజు లోయలోకి 18, ఆరో రోజు పాతపట్నం 14. మొత్తం 94. దానిపైన ఒక ఖాళీ రోజు. ఖాళీ రోజు ఎందుకని అందరూ అడిగారు, మాస్టారు తప్ప.

రోజుకొకటి చొప్పున తప్పుకునే దారి కూడా రాశాను. ఏ మలుపు దగ్గర ఎటు దిగితే జీపు వచ్చే రోడ్డు తగులుతుంది, ఎంతసేపు, అక్కణ్నుంచి ఏ ఆసుపత్రి. తూర్పున పలాస, పడమట పర్లాకిమిడి. 108 రెండు రాష్ట్రాల్లోనూ పలుకుతుంది, కానీ ఫోను పలికితేగా. సిగ్నల్ ఉన్న బండలకు విడిగా గుర్తు పెట్టాను.

అనుమతుల కథ పొడుగ్గా చెప్పను. ఈ నడకలో సగం పైగా ఒడిశా గజపతి జిల్లాలో. కొండ రిజర్వు అడవి, పైగా 2022లో ఒడిశా ప్రభుత్వం దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించింది. రెండు వైపులా అటవీశాఖకు దరఖాస్తు, రెండు వైపులా పోలీసు స్టేషన్లలో పేర్లు, తేదీలు. ఒక ఆఫీసులో మా కాగితం పదిహేడు రోజులు ఒకే ట్రేలో పడుకుంది. నవంబరు మొదట్లోనే ఇచ్చాను కాబట్టి సరిపోయింది.

డిసెంబరు, ఊట దగ్గర

ముందు నడక డిసెంబరు రెండో వారంలో. నేనూ, తోవ తెలిసిన సవర కుర్రాడూ. అతనికి సవర, ఒడియా, తెలుగు మూడూ వచ్చు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారిని తలుచుకుని నేనూ పది మాటలు నేర్చుకున్నాను. పలికే తీరుకు పిల్లలు నవ్వారు గానీ పని జరిగింది.

నాలుగో రోజు గట్టు మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. ఎత్తైన గట్టంటే నీళ్లు రెండు వైపులా జారిపోయే చోటు. షీటు మీద గెడ్డలు, అంటే వాగులు, ఉన్నాయి, కానీ అన్నీ నల్ల గీతలే. అంటే ఏడాదంతా పారేవి కావు. నీలం గీత కోసం వెతికితే కిలోమీటర్ల కింద ఉంది. నడిచి చూస్తే సగం దారిలో, రెండు బండల సందున, ఊట ఒకటి దొరికింది. బొటనవేలంత ధార. లీటరు సీసా పెట్టి వాచీ చూశాను. నలభై సెకన్లు. ఎనిమిది మందికి తలా నాలుగు లీటర్లంటే ముప్పై రెండు లీటర్లు, ఇరవై రెండు నిమిషాలు. బ్రహ్మాండం అనుకున్నాను.

అక్కడే ఒకామె అల్యూమినియం బిందె నింపుకుంటోంది. బిందె మూతికి ఆకు మడిచి దొన్నెలా పెట్టింది, ధార పక్కకు చిందకుండా. నా సీసాకు నేను చేయి అడ్డం పెట్టి తడిసిపోతున్నాను, ఆమె చేతికి చుక్క అంటలేదు. "అప్పా, ఇది ఎప్పుడూ ఉంటుందా?" అనడిగాను. మా వైపు అప్ప అంటే అక్క.

"సంకురాత్తిరి ఎల్లాక ఉండదు బాబూ. కింద పనస సెట్టు కాడ తవ్వుకుంటాం."

పనస చెట్టు ఎంత కిందో చూపించింది. వంద, నూట ఇరవై మీటర్ల దిగుడు ఉంటుంది. వెళ్లి చూశాను, మెత్తటి మట్టి, పైకి నీళ్లేమీ లేవు. పుస్తకంలో రాసుకున్నాను. కానీ ఎలా రాసుకున్నానంటే: "ఊట, 40 సెకన్లు, బాగుంది. అవసరమైతే దిగువన చెలమ." ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, ధార ఇంత జోరుగా ఉంది, జనవరి మూడో వారానికి ఎక్కడికి పోతుంది అనుకున్నాను. మ్యాపులో ఊట దగ్గర ఆకుపచ్చ చుక్క పెట్టాను. ఆకుపచ్చ అంటే నమ్మకమైన నీళ్లు. రోజూ రెండు పూటలా ఆ ఊట దగ్గరికి నడిచే మనిషి మాట కంటే నా వాచీని ఎక్కువ నమ్మాను.

నడక

జనవరిలో ఎనిమిది మందిమి. మొదటి రోజు ఏడున్నరకు గానీ కదలలేదు. జీడి తోటల మధ్య నుంచి పోవాలి, మంచు విడిచాకే పోవాలి. నా పాత రాతల్లో కొబ్బరి నీడ అని రాసుకున్న డొంక ఇప్పుడు మూడు కిలోమీటర్లు బోసిగా ఉంది. తిత్లీకి ముందు రాసుకున్నవి అవి. మళ్లీ నాటిన మొక్కలు ఇంకా నీడనిచ్చే ఎత్తుకు రాలేదు. ఒంటిగంట ఎండలో ఇసుక నడక అందరికీ మొదటి పాఠం. మందస చేరగానే కోవా తిని తేరుకున్నారు. మర్నాడు గుడారి రాజమణిపురం సంగతి మాస్టారే చెప్పారు. జమీందారు అడవిలో కట్టెల కోసం జరిగిన గొడవలో 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పులకు గున్నమ్మ బలైన ఊరది. ఈ కొండల దారులు ఎవరి కాళ్ల కింద పడ్డాయో కుర్రాళ్లకు అప్పుడు తెలిసింది. కట్టెలవాళ్లవి, సంతకు పోయేవాళ్లవి, ఆవుల వెనక పోయేవాళ్లవి. నేను కొత్తగా వేసిన దారి 94లో అంగుళం కూడా లేదు.

రెండో రోజు, మూడో రోజు లెక్కకు అటూ ఇటూ అరగంటలోపే. శిఖరం దగ్గర కుంతి, భీమ, యుధిష్ఠిరుల పేర్లతో రాతి గుళ్లు ఉన్నాయి. ఒడిశా వైపు నుంచి పైదాకా బండ్లు వస్తాయి, శివరాత్రికి అక్కడ కాలు పెట్టే చోటు ఉండదు. మూడు రోజులు నడిచి పైకొచ్చినవాళ్ల పక్కన చెప్పులేసుకుని సెల్ఫీ తీసుకునేవాళ్లు ఉంటారని ముందే చెప్పి ఉంచాను, ఉక్రోషపడకుండా. గాలి తేటగా ఉండి తూర్పున సముద్రం కనబడింది. బ్యాంకు కుర్రాడు బారువ ఎక్కడో వేలు పెట్టి చూపించి చాలాసేపు మాట్లాడలేదు.

నాలుగో రోజు ఆరున్నరకు బయల్దేరాం. లెక్క ప్రకారం 17 కిలోమీటర్లకు 3 గంటల 24 నిమిషాలు, 300 మీటర్ల ఎక్కుడుకు అరగంట, 900 మీటర్ల దిగుడుకు ఇంకో అరగంట. దాన్ని 1.75తో గుణిస్తే ఏడు గంటల 42 నిమిషాలు. ఊటను నమ్మి ఉదయం తలా మూడు లీటర్లే నింపుకున్నాం. కేజీ బరువు తగ్గుతుందని సంబరపడ్డారు కూడా.

పన్నెండూ నలభైకి ఊట దగ్గరికి చేరాం. బండల సందున తడి మరక. అంతే. వేలు పెడితే చల్లగా తగిలింది గానీ చుక్క రాలలేదు. ఎవరి దగ్గర ఎంతుందో సీసాలన్నీ బండ మీద వరసగా పెట్టించాను. ఎనిమిది మందికి కలిపి ఏడు లీటర్లు. ముందున్న గూడెం దాకా ఇంకా ఏడు కిలోమీటర్లు, ఎక్కువ భాగం దిగుడు, మాస్టారికి మోకాలు అప్పటికే పట్టేసింది.

"ఇద్దరం కిందకు పోయి తెస్తాం, మీరు ఇక్కడే ఉండండి" అన్నారు కుర్రాళ్లు. ఒప్పుకోలేదు. అడవిలో గుంపు రెండుగా చీలితే ఒక కష్టం రెండు కష్టాలవుతుంది. అందరం దిగాం. పనస చెట్టు దగ్గర తవ్విన గుంత సిద్ధంగా ఉంది, పైన కొమ్మలు కప్పి. కొమ్మలు తీసి చూస్తే అడుగున జానెడు నీళ్లు, అద్దంలా. గ్లాసుతో తోడి, పంచె గుడ్డలో వడగట్టి, క్లోరిన్ బిళ్లలు వేసి అరగంట ఆగాం. లీటరు నింపడానికి దాదాపు రెండు నిమిషాలు, ఎందుకంటే తోడిన కొద్దీ మళ్లీ ఊరాలి. తలా మూడు లీటర్లు. ఇరవై నాలుగు సీసాలకు ముప్పావు గంట. మా తర్వాత వచ్చేవాళ్లకు మిగలాలి కదా అని సవర కుర్రాడు గుర్తు చేస్తే మధ్యలో రెండుసార్లు ఆపాం. చివర్లో మళ్లీ కొమ్మలు కప్పి, పక్కన కూలిన మట్టి ఎత్తిపోసి వచ్చాం.

దిగడం, తోడడం, ఆగడం అన్నీ కలిపి దాదాపు రెండున్నర గంటలు పోయాయి. మూడు దాటింది. మళ్లీ గట్టెక్కి ఏడు కిలోమీటర్లు పోతే చీకట్లో నిటారు దిగుడు. ఖాళీ రోజు వాడేశాను. ఆ చెలమ నీళ్లు తాగే గూడెం పక్కనే, ఇరవై నిమిషాల దూరం. పెద్దమనిషిని అడిగితే బడి వరండాలో పడుకోమన్నారు. రాత్రికి చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, మా దగ్గరున్న అటుకులు. దోమతెరలు కట్టుకోమని ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది, అక్కడి మలేరియా సంగతి ఫార్మసిస్టు మొదటి రోజే భయపెట్టి ఉంచాడు.

డిసెంబరులో కనబడిన ఆమె ఊరు అదే. నన్ను చూసి ఏమీ అనలేదు, పొయ్యి దగ్గర నుంచి ఒకసారి తలెత్తి నవ్వింది. అదే చాలు.

మర్నాడు పొద్దున మాస్టారు మోకాలు వంచలేకపోయారు. తప్పుకునే దారి కాగితం తీశాం. గూడెం నుంచి జీపు రోడ్డుకు గంటన్నర, అక్కణ్నుంచి పర్లాకిమిడి. కుర్రాళ్లలో ఒకణ్ణీ, గూడెం నుంచి ఒక మనిషినీ తోడిచ్చి పంపాను. "నేను ఫెయిలయ్యానయ్యా" అన్నారు ఆయన. "మాస్టారూ, మీరే కదా ఖాళీ రోజు ఎందుకని అడగనిది" అన్నాను. మిగతా ఆరుగురం ఏడో రోజు మధ్యాహ్నం పాతపట్నం చేరాం. మాస్టారు అప్పటికే మహేంద్రతనయ ఒడ్డున ప్యాంటు మడిచి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నారు, పక్కన మా అందరికీ వేడి బజ్జీల పొట్లం.

దారి ఫైలులో తర్వాత నేను మార్చినవి కొన్నే. నాలుగో రోజును రెండుగా విరిచాను, చెలమ గూడెం దగ్గరే మజిలీ. ఊట దగ్గరి ఆకుపచ్చ చుక్క చెరిపి నారింజ రంగు పెట్టాను, పక్కన "సంక్రాంతి దాకా" అని. ప్రతి నీటి చోటుకూ ఇప్పుడు మూడు గడులు: లీటరుకు ఎన్ని సెకన్లు, చూసిన తేదీ, నీళ్లు మోసేవాళ్లు ఏమన్నారు. ఆ మూడో గడిలో వాళ్ల మాట వాళ్లన్నట్టే రాస్తున్నాను, నా భాషలోకి మార్చకుండా. ఉద్దానం డొంకలో నీడ లేని మూడు కిలోమీటర్లకు ఎర్ర గీత. గూడెం చెలమకు వెళ్లే గుంపు ఎనిమిది మందికి మించకూడదు. పది మందితో వస్తామని మొన్న విశాఖ నుంచి ఒకరు ఫోన్ చేశారు, రెండు జట్లుగా, నాలుగు రోజుల తేడాతో రమ్మన్నాను. ఆలోచించుకుని చెప్తామన్నారు.